దర్బారు తెరకు రెండు ద్వారాలు

కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, హారతిచ్చి, ఆ తరవాత కోశారు. ఈ వరస నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఊరికే కోసుంటే తెలియక చేశారనుకుని సరిపెట్టుకునేదాన్నేమో.

కోసింది మా తాత గీసిన దర్బారు తెరని. తెర అంటే కిటికీకి వేలాడేది కాదు. పద్య నాటకంలో రాజుగారి వెనక స్తంభాలూ, సింహాసనం, షాండ్లియరూ, గళ్ళ నేలా కనిపిస్తాయే, ఆ బొమ్మంతా ఉన్న గుడ్డ. ముతక గాడా గుడ్డకి చింతగింజల జిగురు పట్టించి, ఎండబెట్టి, దాని మీద రంగులు వేసేవారు. పైనొక వెదురూ కిందొక వెదురూ. నాటకం అయిపోగానే కింది వెదురుకి చుట్టేస్తే రాజ్యం మొత్తం ఒక మనిషి భుజం మీద ఇంటికి వెళ్ళిపోతుంది.

మా తాత తెనాలి వైపు నుంచి ఒక నాటక సమాజాన్ని వెంటేసుకుని హైదరాబాదు వచ్చాడు. సినిమావాళ్ళంతా మద్రాసు వదిలి ఇక్కడికి చేరుతున్నారని విని వాళ్ళ వెనకాలే వచ్చాడు. వాళ్ళకి జూబ్లీహిల్స్ కొండ మీద స్థలాలు దొరికాయి. మాకు రహమత్ నగర్‌లో రెండు గదుల పోర్షను దొరికింది. కొన్నాళ్ళకి సమాజంలో నటులు ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. సామాను మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. దానికి వేరే ఉద్యోగం రాదు కదా. కిరీటాలు, భుజకీర్తులు, గదలు, తీగకి కట్టిన గడ్డాలు, దర్బారు తెర, అడవి తెర, వీధి తెర. తాత పోయాక మా నాన్న వాటన్నిటినీ ఫిల్మ్‌నగర్ సందులో ఒక షట్టర్ గదిలో సర్ది, నాటక సామాను అద్దెకివ్వబడునని బోర్డు పెట్టాడు. తెరలు మాత్రం అద్దెకివ్వడు. బోర్డు మీద ఆ ముక్క రాయించలేదు గానీ, అడిగినవాళ్ళకి చెప్పేవాడు.

దర్బారు తెర మీద సింహాసనానికి చెరో పక్కనా ఒక ద్వారపాలకుడు ఉండేవాడు. మా తాత తన బావమరుదుల్నిద్దర్నీ ఎదురుగా నిలబెట్టి వాళ్ళని గీశాడట. ఊళ్ళో ఇంతమంది ఉండగా వాళ్ళే ఎందుకని మా నాన్నమ్మ మురిసిపోతూ అడిగితే, "రోజంతా ఏ పనీ చెయ్యకుండా నిలబడటం వాళ్ళకే వచ్చు" అన్నాడట. ఎడమ పక్కన పెద్ద మామయ్య, కుడి పక్కన చిన్న మామయ్య. మా నాన్నకి మేనమామలు. పెద్దాయనకి మీసం ఎక్కువ, చిన్నాయనకి పొట్ట ఎక్కువ. వాళ్ళ ఫొటోలు మా ఇంట్లో ఒక్కటీ లేవు. తెరే ఫొటో.

తెరకి మా ఇంట్లో కొన్ని మర్యాదలున్నాయి. అది ఒంటరిగా బయటికి వెళ్ళదు, ఇంట్లోవాళ్ళెవరో ఒకరు వెంట ఉండాలి. కట్టే ముందు కర్పూరం వెలిగించాలి. పట్టుకోబోయే మనిషి ముందు దాని అంచు కళ్ళకద్దుకోవాలి. కొత్తగా పనికొచ్చిన మనిషిని నాన్న పేరూ ఊరూ అడిగేవాడు కాదు. తెర పట్టుకోమని, ఏం చేస్తాడో చూసేవాడు. కళ్ళకద్దుకుంటే మనవాడు. లేకపోతే మజ్జిగిచ్చి పంపించేసేవాడు. ఇంటర్వ్యూ అంతే. నేను మాదాపూర్‌లో ఉద్యోగం కోసం ఐదారు రౌండ్లు కూర్చున్నదాన్ని కాబట్టి, ఆ పద్ధతి నాకూ బాగానే అనిపించేది.

మాదాపూర్‌లో నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే ఇతరులు చేసిన తప్పులు వెతికి, వాళ్ళ మనసు నొచ్చుకోకుండా రాసి పంపడం. ఆ మర్యాద నాకు బాగా అబ్బింది. ఇక్కడ అట్టే వాడదలచుకోలేదు.

ఆ ఎండాకాలం ఒక ఆర్ట్ డైరెక్టరు మా దుకాణానికి వచ్చాడు. కొండ రాళ్ళు పేల్చి అద్దాల మేడలు కడుతున్న రోజులు. అతని కారు మీద కూడా ఆ దుమ్మే. చేతిలో కంప్యూటర్లోంచి తీసిన ప్రింటవుట్ల కట్ట. సినిమాలో హీరో అమెరికాలో ఉంటాడట. అక్కడ పాట తీయాలట. ఎవరివో డేట్లు కుదరక అమెరికా ప్రయాణం రద్దయింది కాబట్టి, అమెరికానే ఫిల్మ్‌నగర్‌కి రప్పిస్తున్నారు. అది కూడా మామూలు అమెరికా కాదు. ఎప్పుడో చైనా నుంచి అక్కడికి వలస వెళ్ళినవాళ్ళు కట్టుకున్న పాత నాటకశాల. మన హీరోకి అందులో ఏం పని అని నేను అడగలేదు. సినిమా ప్రశ్నలు సినిమావాళ్ళని అడగకూడదని ఆ సందులో తిరిగి పెరిగినవాళ్ళందరికీ తెలుసు.

నాన్న ఆ ప్రింటవుట్లు ఒక్కొక్కటే కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని చూశాడు. బల్లా కుర్చీ తప్ప ఏమీ లేని వేదిక. వెనకాల కూర్చున్న వాయిద్యాలవాళ్ళు. వాళ్ళకి చెరో పక్కన ఒక ద్వారం, దానికి కుట్టుపని చేసిన గుడ్డ. ఒక దాంట్లోంచి పాత్రలు వస్తాయి, ఇంకోదాంట్లోంచి పోతాయి. తరవాత కాగితంలో వాళ్ళ సామాను. కుచ్చులు వేలాడే కిరీటాలు, వీపుకి కట్టుకునే జెండాలు, తీగకి కట్టి చెవులకి తగిలించుకునే గడ్డాలు, ఓడల్లో తెచ్చుకున్న చెక్కపెట్టెలు.

"గడ్డం కూడా తీగేనా?" అన్నాడు నాన్న. ఇంట్లో ఎవరో పుట్టారన్నంత సంతోషంగా.

"తీగే సార్."

"పెట్టెలో సర్దుకుని సముద్రం దాటారు. మనం కృష్ణ దాటాం. అంతేగా తేడా. వాళ్ళ కిరీటాల పెట్టె మీద ఎవరైనా కూర్చుంటారా బాబూ?"

మా దుకాణంలో కిరీటాల పెట్టె మీద ఎవరూ కూర్చోకూడదు. దాని మీద కూర్చుని చిన్నప్పుడు నేను తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. ఆర్ట్ డైరెక్టరు కాగితాలు తిరగేసి, "వాళ్ళలోనూ కూర్చోకూడదట సార్. హాస్య పాత్ర వేసేవాడు ఒక్కడే కూర్చోవచ్చట" అన్నాడు.

నాన్న నా వైపు తిరిగి, "ఇక నుంచి నువ్వు కూర్చోవచ్చమ్మా" అన్నాడు.

అక్కడే పడిపోయాడు మా నాన్న. అద్దెకివ్వని మనిషి తనే నిచ్చెన వేసుకుని, పైన దూలానికి వేలాడుతున్న దర్బారు తెర దింపాడు. ఆ పెద్దమనిషి రెండు చేతులా అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని, భక్తిగా కళ్ళకద్దుకున్నాడు. నాన్న ముఖం చూడాలి అప్పుడు.

మా నాన్నకి తెలియంది ఏమిటంటే, సినిమావాళ్ళు అన్నిటినీ కళ్ళకద్దుకుంటారు. కెమెరాని అద్దుకుంటారు, క్లాప్ బోర్డుని అద్దుకుంటారు, నిర్మాత ఇచ్చిన చెక్కుని అద్దుకుంటారు, అది బ్యాంకులో చెల్లకపోతే ఆ కాగితాన్ని కూడా ఓసారి అద్దుకునే పారేస్తారు. నాటకాలవాడు అద్దుకుంటే మాట ఇచ్చినట్టు. వాళ్ళకది దురద పెడితే గోక్కోవడం లాంటిది. అదే ఫిల్మ్‌నగర్‌లో ఇన్నేళ్ళుండి కూడా మా నాన్న నాటకాలవాడిగానే ఉండిపోయాడు.

కిరీటాలూ భుజకీర్తులూ కూడా అద్దెకిచ్చి, ఒక్క షరతు పెట్టాడు. శనివారానికల్లా తెర ఇల్లు చేరాలి. ఎందుకంటే ఆదివారం సాయంత్రం శ్రీనగర్ కాలనీలో ఒక హాల్లో పద్య నాటకం. చాలా ఏళ్ళ తరవాత నాన్న వేషం కడుతున్నాడు, అదీ మొదటిసారి రాజుగా. పోటీ కూడాను, మార్కులు వెయ్యడానికి నాటక పరిషత్తువాళ్ళు వచ్చి కూర్చుంటారు. ఆ దర్బారు ముందు తాత నిలబడి పాడిన పద్యాలు తనూ ఒకసారి నిలబడి పాడాలని నాన్న కోరిక. తాత ఉండగా రాజు వేషం ఆయనదే, నాన్నకి ఎప్పుడూ మంత్రే. గొంతు పట్టేస్తోందని పొద్దున్నే మిరియాల పాలు, పడుకునే ముందు మిరియాల పాలు. మా పోర్షనంతా అదే వాసన.

"శనివారం పొద్దున్నే మా బండిలోనే పంపిస్తాను సార్. మా నాన్నగారి మీద ఒట్టు" అన్నాడు ఆర్ట్ డైరెక్టరు. వాళ్ళ నాన్నగారు ఎవరో మాకు తెలియదు.

మర్యాద ప్రకారం తెర వెంట నాన్నే వెళ్ళాడు. స్టూడియోలో కుర్చీ వేసి, మజ్జిగిచ్చి, పంతులుగారిని పిలిచి, తెర ముందు కొబ్బరికాయ కొట్టి, హారతి పళ్ళెం నాన్న చేతికే ఇచ్చారట. "మీరు ఎండలో ఎందుకు సార్, ఇల్లు చేరండి, మేం చూసుకుంటాం" అని కారిచ్చి మరీ పంపించారట. నాన్న ఇంటికొచ్చి అమ్మతో, "మన సమాజంలో కూడా ఇంత పద్ధతిగా ఎవరూ చెయ్యలేదు" అని చెప్పుకుని పొంగిపోయాడు.

శనివారం పొద్దున్న బండి రాలేదు. మధ్యాహ్నం దాకా నాన్న హార్మోనియం ముందు కూర్చుని, ఆటో చప్పుడైనప్పుడల్లా పద్యం మధ్యలో ఆపేస్తున్నాడు. నాకు సెలవు. ట్రాలీ ఆటో ఒకటి మాట్లాడుకుని స్టూడియోకి నేనే వెళ్ళాను.

సెట్టు చూసి మొదట బాగుందనుకున్నాను. నిజమే చెప్పాలి కదా. ఎర్ర లాంతర్లు, పొగ, బల్లా కుర్చీ. మా కిరీటాలకి కోడి ఈకలు అంటించి జూనియర్ ఆర్టిస్టుల నెత్తిన పెట్టారు. మా భుజకీర్తులు ఎవరి నడుముకో ఉన్నాయి. వేదిక వెనకాల ఎర్రటి గోడ లాంటి గుడ్డ, దాని మీద మీసాలున్న పాములాంటిది ఒకటి. డ్రాగన్ కాబోలు. దానికి చెరో పక్కన ఒక ద్వారం. ఒక ద్వారంలోంచి ఒకాయన టీ గ్లాసులు పట్టుకుని వచ్చి, ఇంకో ద్వారంలోంచి వెళ్ళిపోయాడు. ప్రింటవుట్లో ఉన్నట్టే.

దర్బారు తెర కోసం చుట్టూ వెతికాను. గోడలకి ఆనించిన చుట్టల్లో లేదు. పక్కనే సుత్తి పట్టుకుని కూర్చున్న కార్పెంటర్‌ని అడిగాను.

"ఏ తెర మేడం?"

"రాజు దర్బారు బొమ్మ ఉంటుంది."

"గదే గద మేడం, మీ ముంగటనే ఉంది. బొమ్మ అవుతల దిక్కున్నది."

ఎర్ర గుడ్డ అంచు ఎత్తి చూశాను. మా అమ్మ వేసిన మాసిక కనిపించింది. ముడి కూడా అమ్మదే. వెనక్కి వెళ్ళాను. స్తంభాలున్నాయి, సింహాసనం ఉంది, షాండ్లియర్ మీదికి అవతలి ఎరుపు ఇంకి నెత్తురు మరకల్లా దిగింది. పెద్ద మామయ్య లేడు. చిన్న మామయ్య లేడు. ఇద్దరూ నిలబడ్డ చోట నిలువునా రెండు కంతలు. ద్వారం కావలసి వచ్చిందని ద్వారపాలకుల్ని కోసేశారు.

"ఎవరు కోశారు?"

"నేనే కోసిన మేడం. నాకేం ఎర్క? సారు సుద్దముక్కతోటి గీత గీసిండు, కొయ్యమన్నడు. మీ నాయన కారెక్కి గేటు దాటిండో లేదో, కత్తెర అందుకొమ్మన్నడు. నేను అడిగిన కూడా, ముసలాయన ఏమనుకుంటడో సార్ అని. పూజ అయింది గదా, ఇంకేంది అన్నడు."

"ఆ ముక్కలేవి?"

"ఒకటి గాడ ఉంది, సాంబారు గంజు కింద. ఇంకొకటి జూడలే."

భోజనాల దగ్గరికి వెళ్ళాను. బల్ల మీద గుడ్డలా పరిచి ఉన్నాడు పెద్ద మామయ్య. మీసం మీద సాంబారు గిన్నె. కాళ్ళ దగ్గర ఎవరో వదిలేసిన అప్పడం. గంజు నేనే దింపాను. వడ్డించే ఆయన నా ముఖం చూసి పక్కకి జరిగాడు. చిన్న మామయ్య కోసం సెట్టంతా తిరిగాను. జనరేటర్ కింద చూశాను, రంగు డబ్బాల మధ్య చూశాను, చెత్త గుట్టలో చూశాను. దొరకలేదు.

ఆర్ట్ డైరెక్టరు ఎదురొచ్చాడు. ఆ ముఖంలో తప్పు చేసిన జాడే లేదు. పండక్కి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు నవ్వాడు.

"సెట్ ఎలా ఉంది మేడం? నాన్నగారు చూస్తే ఎంత సంతోషిస్తారో!"

"రేపు ఆయనకి నాటకం ఉందండీ. ఈ తెర ముందు."

"అయ్యో, ఫికర్ పడకండి. తెర ఫొటో తీయించి పెట్టాను. ఫ్లెక్సు కొట్టిస్తా. సేమ్ టు సేమ్. వాన పడినా ఏం కాదు."

"కోసే ముందు అడగాలనిపించలేదా?"

అతను నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు, నాకు దానికే ఒళ్ళు మండింది. "మేడం, మేం గౌరవం లేకుండా ఏమీ చెయ్యలేదు. మీ నాన్నగారే సాక్షి. బొట్టు పెట్టాం, కొబ్బరికాయ కొట్టాం, హారతిచ్చాం. ఆ తరవాతే కోశాం."

"మేకకి కూడా అలాగే చేస్తారండీ" అన్నాను.

కార్పెంటర్ కిసుక్కున నవ్వి సుత్తి కింద పడేసుకున్నాడు. ఆర్ట్ డైరెక్టరు వాకీటాకీలో ఎవరినో పిలిచాడు. నేను ఇంకా చాలా అన్నాను. ఆ మాటల్లో సగం మా ఆఫీసులో ఎవరికీ తెలియవు, తెలియాల్సిన అవసరం లేదు కూడా. పాట అప్పటికే తీసేశారు కాబట్టి తెర దింపడానికీ కిరీటాలు తీసుకోవడానికీ ఎవరూ అడ్డు చెప్పలేదు. దింపే ముందు ఒక అసిస్టెంటు అలవాటుగా వంగి అంచు కళ్ళకద్దుకోబోయాడు. చెయ్యి తియ్యమన్నాను.

ఇంటి ముందు సందులో తెర పరిచాం. ఎదురింటావిడ, "ఏందమ్మా, గిట్ల చేసిన్రు, చేతులు పడిపోను" అని శాపనార్థాలు మొదలుపెట్టింది. నాకు ఆవిణ్ణి కౌగిలించుకోవాలనిపించింది. నాన్న మాత్రం రెండు కంతల చుట్టూ తిరిగి, ఒక దాని అంచు వేలితో తడిమి, "కొబ్బరికాయ కొట్టాకేనా?" అని అడిగాడు.

"కొట్టాకే."

"నేను వచ్చేశాకా?"

"నువ్వు గేటు దాటగానే."

నా చంకలో మడిచి ఉన్న ఒక్క ముక్కని చూసి, "ఏ మామయ్య దొరికాడు?" అన్నాడు.

"పెద్దాయన."

"చిన్నాయన మంచివాడమ్మా" అన్నాడు. 

అమ్మ దబ్బనం, గోనెసంచులు కుట్టే దారం తీసుకుని కూర్చుంది. పెద్ద మామయ్యని తన చోట కుట్టేసింది. మీసం దగ్గర సాంబారు మరక వదల్లేదు. కుడి పక్క కంతకి ఏం చెయ్యాలో తోచలేదు. దుప్పటి అడ్డం కడదామని నేనన్నాను. ఫ్లెక్సు తెప్పిద్దామని ఎవరూ అనలేదు. "దుప్పటి వద్దు. నేను చూసుకుంటా" అన్నాడు నాన్న.

ఆదివారం హాల్లో ముందు తెర లేచింది. దర్బారు తెర కుడి పక్కన కంతలోంచి హాలు గోడా, దాని మీద స్విచ్చి బోర్డూ, చెప్పులు బయట విడవమన్న బోర్డూ కనిపిస్తున్నాయి. ముందు వరసలో ఎవరో నవ్వారు. అప్పుడు నాన్న వచ్చాడు. రాజు వేషం. తాత కిరీటం. కోడి ఈకల జిగురు ఇంకా ఒక పక్క మెరుస్తోంది. రాజు నడిచొచ్చి సింహాసనం ముందు మధ్యలో నిలబడాలి, పద్యం ఎత్తుకోగానే వేదికంతా తనదే అన్నట్టు తిరగాలి. నాన్న అటు వెళ్ళలేదు. నేరుగా కుడి పక్కకి నడిచి, కంతకి అడ్డంగా, వీపు దానికి ఆనించినట్టు నిలబడ్డాడు. పైపంచె రెండు చేతులా విప్పి పట్టుకున్నాడు. చెప్పుల బోర్డు కనబడటం మానేసింది.

ఇక అక్కడి నుంచి కదల్లేదు. మంత్రి వచ్చి ఎడమ పక్క నుంచి మాట్లాడుతుంటే మెడ తిప్పి జవాబిచ్చాడు. రాణి ఏడుస్తూ మధ్యలో కూలబడితే వెళ్ళి లేవనెత్తలేదు, ఉన్నచోట నుంచే ఓదార్చాడు. ఆవిడ తనే లేచి సర్దుకుంది. పద్యాలు మాత్రం పాడాడు. అంత బాగా పాడటం నేనెప్పుడూ వినలేదు. వెనక వరసల్లోంచి వన్స్ మోర్ అన్నారు, మళ్ళీ పాడాడు. తాత పాడిన పద్యాలన్నీ పాడాడు, తాత నిలబడిన చోట తప్ప. మా చిన్న మామయ్య చోట నిలబడి పాడాడు. రాజు వేషం కట్టుకుని ద్వారపాలకుడి ఉద్యోగం చేశాడు మా నాన్న.

పరిషత్తువాళ్ళలో ఒకాయన చివర్న మైకు పట్టుకున్నాడు. "రాజు పాత్రధారి గాత్రం అద్భుతం. రంగస్థలం మీద కదలిక మాత్రం శూన్యం. నటుడికి కాళ్ళు కూడా ఉంటాయని గుర్తుపెట్టుకోవాలి" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. పైపంచె జారి, కంతలోంచి స్విచ్చి బోర్డు కనిపించింది. ఆ పరిషత్తాయనకి సంగతి చెబుదామని నేను లేచాను. అమ్మ నా చున్నీ పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. బహుమతి మంత్రి వేషానికి వచ్చింది.

ఆ పాట పెద్ద హిట్టయింది. టీవీలో రోజూ వచ్చేది. మా ఆఫీసు క్యాబ్‌లో కూడా అదే. హీరో ఒక ద్వారంలోంచి దూకుతూ వస్తాడు, హీరోయిన్ ఇంకోదాంట్లోంచి విసనకర్ర ఊపుతూ వస్తుంది. సెట్టు చాలా సహజంగా ఉందని ఒక పేపర్లో రాశారు. సముద్రం దాటి పెట్టెలు మోసుకుని వెళ్ళినవాళ్ళ కుట్టు గుడ్డలు ఏమయ్యాయో, వాటిని ఎవరు ఏ సాంబారు కింద పరిచారో ఆ పేపర్లో లేదు.

తరవాత ఏడాది ఆర్ట్ డైరెక్టరు మళ్ళీ వచ్చాడు. ఈసారి పళ్ళబుట్టతో. నేను కిరీటాల పెట్టె మీద కూర్చుని ఉన్నాను. నాకు అనుమతి ఉంది కదా.

"నమస్కారం సార్. ఆ పాటలో మీ ఆశీర్వాదం బాగా పనిచేసింది. ఇప్పుడు ఇంకో సినిమా. ఆఫ్రికా. అడవి తెర ఉందన్నారు అప్పుడు..."

"ఉంది" అన్నాడు నాన్న.

అడవి తెర గోడకి ఆనించి నిలబెట్టి ఉంది. అడగకుండానే అతను దాని దగ్గరికి వెళ్ళి, వంగి, రెండు చేతులతో అంచు పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నేను పెట్టె మీద నుంచి లేవబోయాను. నాన్న నన్ను చేత్తో ఆపి, తను లేచాడు. అతని ముఖానికీ తెరకీ మధ్య అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"కళ్ళకద్దుకోకు బాబూ" అన్నాడు. "అక్కడ పెట్టు."